షికారు నుండి సఫారీకి: హైదరాబాదు పరిసర వేటభూముల పరిణామం

తెలుగులో నేడు ‘షికారు’ అంటే విహారం. పారశీకంలో దాని అర్థం వేట. ‘సఫారీ’ అరబ్బీ ‘సఫర్’ నుండి స్వాహిలీ ద్వారా ప్రపంచ భాషలకు చేరింది. ప్రయాణమనే అర్థం వేటయాత్రగా, తరువాత వన్యప్రాణి సందర్శనగా మారింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాలో ఆరంభించిన సఫారీలో వేటదే పెద్దపీట.

ఈ పరిణామానికి తెలంగాణ నేల కూడా సాక్ష్యమిస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పులివేటకు ప్రసిద్ధుడు. నిజాముల వేటస్థలమైన పోచారం 1952లో అభయారణ్యమైంది. వనస్థలిపురం వద్ద వారి మరొక వేటభూమికి, మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో, మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. 1994లో అది జాతీయ ఉద్యానవనమైంది. ఒకప్పుడు వేట జంతువైన కృష్ణజింకకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణ కల్పించింది. రావల్కోల్ వంటి మేడ్చల్ పల్లెలకు చేరువలోని శామీర్‌పేట జింకల పార్కుకు నేటి జనం వెళ్ళేదీ కొత్త అర్థంలోని ‘షికారు’కే.

పాలకుల వినోదం కోసం ప్రత్యేకించినందువల్లనే ఈ భూములు నాగలికీ, నగరానికీ కొంతకాలం దూరంగా మిగిలాయని భావించవచ్చు. అయితే ఆ ప్రత్యేకతకు మూల్యం చెల్లించినది ఎవరు? మేత, కట్టెల కోసం అడవిని ఆశ్రయించిన గ్రామీణుల మౌఖిక చరిత్రను సేకరించినప్పుడే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. అంతవరకు సంరక్షణ చరిత్ర పాలకుల చరిత్రగానే మిగులుతుంది.