రోలర్ కోస్టర్‌కు ఇంజిన్ ఉండదు.. మరి అంత ఎత్తు ఎలా ఎక్కుతుంది? ఆ ‘టక్ టక్’ శబ్దం ఏంటి?

రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లకు, కనీసం వీడియోల్లో చూసినవాళ్లకు ఆ శబ్దం గుర్తుండే ఉంటుంది. రైలు మెల్లగా పైకి పోతుంటే కింద నుంచి ‘టక్.. టక్.. టక్’ అని వినిపిస్తుంది. ఏదో విరుగుతోందేమో అని కొందరు హడలిపోతారు. కానీ అసలు విషయం వేరే.. ఆ శబ్దం చేసే భాగమే రైలు వెనక్కి జారకుండా కాపాడుతుంది.

లాగేది చైన్..
చాలా రోలర్ కోస్టర్ల రైలుకు సొంత ఇంజిన్ ఉండదు. ఎత్తు ఎక్కే చోట పట్టాల మధ్య పొడవాటి చైన్‌ను మోటార్ తిప్పుతూ ఉంటుంది. రైలు అడుగున ఉన్న కొక్కెం ఆ చైన్‌కు తగులుకుంటుంది. అంతే.. చైన్ రైలును పైదాకా లాక్కెళ్లి వదిలేస్తుంది. అక్కడి నుంచి పనంతా గురుత్వాకర్షణదే.

మధ్యలో కరెంటు పోతే?
ఎక్కే దారి పొడవునా రంపం పళ్లలాంటి ఇనుప పట్టీ ఉంటుంది. రైలు కింద ఉన్న ఇనుప నాలుక ఒక్కో పన్ను దాటి పడినప్పుడల్లా ‘టక్’ మంటుంది. అది రైలును ముందుకు పోనిస్తుంది, వెనక్కి మాత్రం రానివ్వదు. కరెంటు పోయినా, చైన్ తెగినా రైలు అక్కడే ఆగిపోతుంది. అవసరమైతే సిబ్బంది పక్కనున్న మెట్ల మీదుగా అందరినీ దించుతారు. 1910 ప్రాంతంలో ఈ ఏర్పాటును రోలర్ కోస్టర్లకు తెచ్చింది అమెరికా డిజైనర్ జాన్ మిల్లర్.

అంతకుముందు, 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో మొదలైన రైడ్‌కైతే చైనే లేదు. జనమే మెట్లెక్కి పైకి వెళ్లి కూర్చునేవారు.

చైన్ లేకుండా 139 మీటర్లు!
అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో మొదలైన ‘కింగ్డా కా’ది ఇంకో పద్ధతి. హైడ్రాలిక్ మోటార్ ఒక కేబుల్‌తో రైలును లాగి, 3.5 సెకన్లలోనే గంటకు 206 కిలోమీటర్ల వేగం అందించేది. ఆ ఊపుతోనే రైలు 139 మీటర్ల ఎత్తు ఎక్కేది. ఒక్కోసారి ఊపు చాలక వెనక్కి జారేది కూడా. అప్పుడు కింద పట్టాల్లోని అయస్కాంత బ్రేకులు పైకి లేచి దాన్ని ఆపేవి. 2024లో ఆగిపోయిన ఈ రైడ్‌ను 2025లో కూల్చేశారు.

కొన్ని రైడ్లలో శబ్దం రాకుండా ఇనుప నాలుకను అయస్కాంతంతో పైకెత్తి ఉంచుతారు. రైలు ఆగితే అది వెంటనే కిందికి పడి పళ్లను పట్టేస్తుంది. అంటే.. ‘టక్ టక్’ వినపడకపోయినా కాపలా ఉన్నట్టే!