దగ్గర కాదు, తేడా చూడాలి

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు సర్వీసు ముచ్చట్లు నాలుగు రాద్దామనుకున్నాను. కాని ముప్పై ఏళ్లకు పైగా నా మనసులో మూత పడని ఒక ఫైలు ఉంది. దానితో ముడిపడిన ఒక గణిత చరిత్ర కూడా ఉంది. ఆ రెండూ కలిపి మీ ముందు ఉంచుతున్నాను.

1988లో నేను బియ్యం రవాణా చూసే సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటును. ఏ గోదాము నుంచి ఏ మండల కేంద్రానికి ఎన్ని లారీలు పంపాలో ప్రతి నెలా పట్టిక వేసేది మా సీనియర్ అసిస్టెంటుగారు. ఆయన పేరు గాని, కార్యాలయం పేరు గాని ఇక్కడ అవసరం లేదు. ఒక నెల ఆయన, పక్కనే గోదాము ఉన్న కేంద్రానికి దూరపు గోదాము నుంచి బియ్యం కేటాయించారు. “సమీప గోదామును విడిచి దూరపు గోదాము నుంచి రవాణా చేయుట వలన అదనపు ఖర్చు అయినది” అని నోటు పెట్టింది నేనే. ఆయనకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసే రోజున నన్ను పిలిచి, “దగ్గర చూడకు అబ్బాయ్, తేడా చూడు” అన్నారు. నాకు అర్థం కాలేదు. పైవారికీ కాలేదు. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. దాని ఫలితం పెన్షన్ దాకా ఎలా వెంటాడుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆయన మాటకు అర్థం ఈ చిన్న లెక్కలో ఉంది. తూర్పు, పడమర అని రెండు గోదాములు. ఒక్కొక్క దానిలో 100 టన్నులు. ఒకటవ కేంద్రానికి, రెండవ కేంద్రానికి చెరి 100 టన్నులు కావాలి. టన్ను కిరాయి తూర్పు గోదాము నుంచి ఒకటవ కేంద్రానికి 40 రూపాయలు, రెండవ దానికి 50. పడమటి గోదాము నుంచి ఒకటవ దానికి 60, రెండవ దానికి 90. దగ్గర చూసేవాడు ముందు 40 రూపాయల దారి పట్టుకుంటాడు. అప్పుడు రెండవ కేంద్రానికి 90 రూపాయల దారే మిగులుతుంది. మొత్తం 13,000. తేడా చూసేవాడి లెక్క వేరు. తూర్పు గోదామును వదులుకుంటే ఒకటవ కేంద్రానికి టన్నుకు 20 రూపాయలే ఎక్కువ. రెండవ కేంద్రానికి 40 ఎక్కువ. కనుక తూర్పు సరుకు రెండవ కేంద్రానికే పోవాలి. మొత్తం 11,000. నా నోటు మొదటి రకం. ఆయన పట్టిక రెండవ రకం.

రిటైరైన తరువాత చదువుకుంటే తెలిసింది, ఈ సూత్రం 1930లోనే అచ్చయిందని. సోవియట్ దేశంలో ఏ.ఎన్. టాల్‌స్టాయ్ (నవలా రచయిత కాదు) రైళ్లలో సరుకు రవాణా గురించి ఒక వ్యాసం రాశాడు. రెండు చోట్ల నుంచి సరుకు పంపవలసి వస్తే, ఒక్కొక్క గమ్యానికి ఆ రెండు దూరాల తేడా చూసి పంచమన్నాడు. 10 చోట్ల నుంచి 68 చోట్లకు పంపే పెద్ద లెక్కను చేత్తోనే వేశాడు. దాదాపు డెబ్బై ఏళ్ల తరువాత అలెగ్జాండర్ స్క్రైవర్ అనే డచ్చి గణితవేత్త ఆ లెక్కను ఈనాటి పద్ధతులతో పరిశీలించాడు. టాల్‌స్టాయ్ ఇచ్చిన జవాబు కన్నా తక్కువ ఖర్చుతో మరొకటి లేదని తేలిందని 2002లో ప్రకటించాడు.

1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ ప్లైవుడ్ పరిశ్రమ వారు అడిగిన ఒక సమస్యతో మొదలుపెట్టి, ఉన్న యంత్రాలతో ఎక్కువ పని తీయడానికి గణిత పద్ధతి చెప్పాడు. 1947లో అమెరికా వైమానిక దళంలో పని చేస్తున్న జార్జి డాంట్‌జిగ్ ‘సింప్లెక్స్’ పద్ధతిని కనిపెట్టాడు. లీనియర్ ప్రోగ్రామింగ్ అనే శాస్త్రం దానితో నిలదొక్కుకుంది. ఆ పద్ధతికి మొదటి పెద్ద పరీక్ష తిండి లెక్క. 77 రకాల ఆహార పదార్థాలలో ఒక మనిషికి కావలసిన పోషకాలు అతి తక్కువ ఖర్చుతో ఎలా దొరుకుతాయన్నది ప్రశ్న. స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 1945లో ఏడాదికి 39.93 డాలర్లని అంచనా కట్టాడు. 1947లో తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి యంత్రాల మీద, మొత్తం 120 పనిదినాల శ్రమతో, అసలు జవాబు 39.69 అని తేల్చారు. తేడా 24 సెంట్లు! ఆ తొమ్మిదిమంది పేర్లు నేను చదివిన పుస్తకాలలో కనిపించలేదు. గుమాస్తాగా బ్రతికినవాడిని, నాకు అది బాధ కలిగించింది.

లారీలను సగం పంపలేం. 47 టన్నులకు పది టన్నుల లారీలు 4.7 కావాలని లెక్క చెబితే ఏం చేయాలి? పూర్ణ సంఖ్యలే రావాలంటే లెక్క కఠినమవుతుంది. 1960లో ఐల్సా లాండ్, అలిసన్ డాయిగ్ అనే ఇద్దరు మహిళలు దీనికి ఒక దారి చూపారు. ‘నాలుగు లేదా అంతకు తక్కువ’ అని ఒక కొమ్మ, ‘అయిదు లేదా అంతకు ఎక్కువ’ అని మరొక కొమ్మ వేసి, పనికిరాని కొమ్మలను నరుకుతూ పోవడం ఆ పద్ధతి.

ఇవన్నీ చేసిపెట్టే కంప్యూటర్ సాధనాన్ని సాల్వర్ అంటారు. మంచివాటికి లైసెన్సు రుసుము మనబోటివారు కట్టలేనిది. అయితే 2000లో మాస్కోకు చెందిన ఆండ్రూ మఖోరిన్ జి.ఎల్.పి.కె. అనే సాల్వర్‌ను, అదే ఏడాది ఐ.బి.ఎం. సంస్థ కాయిన్-ఓ.ఆర్. అనే సాల్వర్ల సముదాయాన్ని ఉచితంగా లోకానికి విడుదల చేశాయి. రుసుము లేకపోవడం ఒక్కటే కాదు, అవి లోపల ఎలా పని చేస్తాయో ఎవరైనా తెరిచి చూడవచ్చు, దిద్దవచ్చు. వీటిని ‘లైబ్రరీ’ అంటారు, అంటే మన ప్రోగ్రాము తనకు కావలసినప్పుడు పిలిచి పని చేయించుకునే లెక్కల మూట.

మా మనవరాలు నా కంప్యూటర్‌లో కాయిన్-ఓ.ఆర్. వారి సి.బి.సి. సాల్వర్‌ను పెట్టి ఇచ్చింది. పాత డైరీలో ఆ నెల పట్టిక నకలు ఉంది. గోదాముల నిల్వలు, కేంద్రాల అవసరాలు, కిరాయిలు ఒక్కొక్కటే ఎక్కించాను. మొదటిసారి మొత్తం ఖర్చు సున్నా అని వచ్చింది! కేంద్రాలకు కావలసిన బియ్యం అందాలి అనే షరతు రాయడం మరిచాను. ఏమీ పంపకపోతే ఖర్చే లేదు కదా! “తాతయ్యా, అది చెప్పినదే చేస్తుంది, చెప్పనిది దానికి తెలియదు” అని నవ్వింది. షరతులు దిద్దాక జవాబు రెప్పపాటులో వచ్చింది. సీనియర్‌గారి పట్టికకు, సాల్వర్ జవాబుకు తేడా రెండు లారీల కిరాయి. నా నోటు ప్రకారం పంపి ఉంటే ఖర్చు ఆయన పట్టిక కన్నా చాలా ఎక్కువయ్యేది.

2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రేషను ధాన్యం రవాణా దారులు ఎంచడానికి ‘అన్న చక్ర’ అనే సాధనాన్ని ప్రారంభించింది. ఏటా సుమారు 250 కోట్ల రూపాయలు ఆదా అవుతుందని అంచనా వేసింది. ఆ వార్త చదివిన రోజున ఆయనే గుర్తుకొచ్చారు.

ఆయన ఇప్పుడు లేరు. కాగితాలు తీసుకుని వారి ఇంటికి వెళ్లాను. ఫ్యామిలీ పెన్షన్ మీద ఉన్న అమ్మగారికి, “ఆ రోజు నోటు పెట్టింది నేనేనండీ, తప్పు నాది” అని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయనకు తెలుసు బాబూ. నీకు లెక్క రాదనేవారు గాని, చెడ్డవాడివని ఎప్పుడూ అనలేదు” అన్నారు. కాగితాలు తీసుకుని దేవుడి అలమరలో పెట్టుకున్నారు.

ఆగిన ఇంక్రిమెంటు ఇక రాదు. కనీసం మన సంఘ పత్రికలోనైనా ఆ పట్టిక సరైనదేనని నమోదు కావాలని ఇది రాశాను. సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఒక మనవి. నోటు పెట్టే ముందు ఎదుటివారి లెక్క ఏమిటో ఒక్కసారి అడగండి.