పట్నం కంటే ముందు పల్లెకొచ్చిన టీవీ

నర్సంపేటలో ఏ డాబా ఎక్కి చూసినా డిష్ యాంటెన్నాలన్నీ దాదాపు ఒకే దిక్కుకు, దక్షిణానికి మొహం పెట్టి ఉంటాయి. అటువైపు, భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో టీవీ ఉపగ్రహాలున్నాయి. చందమామకు భూమిని ఒక చుట్టు చుట్టడానికి ఇరవై ఏడు రోజుల పైనే పడుతుంది. వీటికి ఒక్క రోజు చాలు. భూమి కూడా అదే లెక్కన తిరుగుతుంది కాబట్టి మనకి ఇవి కదలనట్టే ఉంటాయి. డిష్‌ని ఒకసారి బిగిస్తే మళ్లీ తిప్పే పనుండదు.

యాభై ఏళ్ల కింద కొన్ని తెలుగు పల్లెల్లో యాంటెన్నాలు దక్షిణానికి కాదు, పడమటికి చూసేవి. కోళ్ల గూళ్లకు కట్టే రకం ఇనుప జాలీతో చేసిన, మూడు మీటర్ల వెడల్పు యాంటెన్నాలవి. అవి చూసేది తూర్పు ఆఫ్రికా మీద నిలబెట్టిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని. అది మనది కాదు, అమెరికా వాళ్లది. విక్రమ్ సారాభాయ్ చొరవతో 1969లో నాసాతో ఒప్పందం కుదిరింది. అది అమలయ్యేదాకా ఆయన బతికి లేరు, 1971 డిసెంబర్‌లో పోయారు. ఉపగ్రహం మన చేతికొచ్చింది 1975 ఆగస్టు 1న, సరిగ్గా ఒక్క ఏడాదికి. ఈ ప్రయోగం పేరు 'సైట్'.

ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. పొద్దున గంటన్నర బడిపిల్లలకి. దాన్ని హిందీ, కన్నడ, ఒరియా, తెలుగు పంచుకోవాలి కాబట్టి మనవాటాకి వచ్చింది రోజుకు ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకి: వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కాస్త పాటా ఆటా.

ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. అప్పటికి హైదరాబాద్‌లో టీవీ లేదు. దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు మొదలైంది 1977 అక్టోబర్ 23న. అంటే తెలుగు టీవీని మొదట చూసింది పట్నం కాదు, పల్లె. కరెంటు నుంచి కంప్యూటర్ దాకా అన్నీ పట్నంలో దిగి, అక్కడ పాతబడ్డాక ఊళ్లకి వచ్చే దేశంలో ఇదొక్కటీ తలకిందులుగా జరిగింది. దానికి కారణం ఉపగ్రహమే. నేల మీది టవర్‌కి చుట్టుపక్కల కొద్ది దూరమే అందుతుంది, అందుకే దాన్ని జనం ఎక్కువున్న చోట కడతారు. పైనుంచి చూసే ఉపగ్రహానికి అబిడ్స్ అయినా అడవంచు ఊరైనా ఒకటే.

మరీ మురిసిపోనక్కర్లేదు. పల్లెకి చూసే హక్కు వచ్చింది కానీ చూపించే హక్కు రాలేదు. ఏం చెప్పాలో పట్నం నిర్ణయించేది. జాతీయ వార్తలు హిందీలో వచ్చేవి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది ఫ్రీ ట్రయల్: గడువు అయిపోగానే స్క్రీన్ ఆగిపోయింది. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహాన్ని అమెరికా వైపు జరిపేసుకున్నారు. తర్వాత వచ్చిన హైదరాబాద్ ట్రాన్స్‌మిటర్ ఆ ఊళ్లలో కొన్నింటికే అందింది. దూరంగా ఉన్న ఊళ్లలో టీవీ పెట్టె ఉంది, బొమ్మ లేదు.

మన సొంత ఇన్సాట్-1బి 1983లో గానీ ఎగరలేదు. ఆలోపు టీవీ అంటే ట్రాన్స్‌మిటర్ ఉన్న నగరం వస్తువైపోయింది. 'ఉప' అంటే పక్కన ఉండేది, పెద్దదాన్ని ఆనుకుని తిరిగేది. ఆ ఒక్క ఏడాది ఉపగ్రహం పల్లె కోసం నిలబడింది. ఆ తర్వాత పల్లే పట్నం చుట్టూ తిరగాల్సి వచ్చింది.

తెలుగు టీవీ కథ మొదలుపెట్టాల్సింది 1977 హైదరాబాద్ నుంచి కాదు, 1975 ఆగస్టులో ఊరి బడి ముందు నేల మీద కూర్చున్న ఆ మొదటి ప్రేక్షకుల నుంచి.