పేపర్లో ఖాళీ కుర్చీ, రేడియోలో డాక్టరు

1989లో ఖమ్మం జిల్లా వాళ్లకి రెండు కొత్త వాకిళ్లు తెరుచుకున్నాయి. కొత్తగూడెంలో ఆకాశవాణి స్థానిక ఎఫ్‌ఎం కేంద్రం పెట్టింది. అదే ఏడాది ‘ఈనాడు’ జిల్లాకొక చిన్న పత్రిక చొప్పున తీసుకురావడం మొదలుపెట్టింది. ఆస్పత్రుల సంగతుల్ని ఈ రెండూ పంచుకున్న తీరు చిత్రంగా ఉంటుంది. డాక్టరు రాలేదన్న వార్త పేపరు వంతు, వచ్చిన డాక్టరు చెప్పే మాట రేడియో వంతు. ఎవరూ కూర్చుని ఒప్పందం చేసుకోలేదు, అలా కుదిరిపోయింది.

స్థానిక రేడియో ఉండాలని 1978లోనే వర్గీస్ కమిటీ సిఫారసు చేసింది. దేశంలో తొలి స్థానిక కేంద్రం నాగర్‌కోయిల్‌లో 1984లో వచ్చింది. మన వైపు ఆదిలాబాద్ ముందు, కొత్తగూడెం తర్వాత. చిక్కల్లా ఎఫ్‌ఎం అన్న మాటతోనే. మద్రాసులో 1977లోనే ఎఫ్‌ఎం మొదలైనా, ఇళ్లలో ఉన్న ట్రాన్సిస్టర్లు ఎక్కువగా మీడియం వేవ్, షార్ట్ వేవ్‌వే. కొత్త సెట్టు కొనాల్సిందే. పైగా ఎఫ్‌ఎం తరంగాలు కొండలు అడ్డొస్తే నీరసిస్తాయి. కొత్తగూడేనికి కూతవేటు దూరంలో ఉన్న పాల్వంచకి గొంతు స్పష్టంగా వచ్చినంత సులువుగా లోపలి అడవి గూడేలకి రాదు. అవసరం ఎక్కువున్న చోటే సిగ్నల్ తక్కువ, ఈ ప్రాంతంలో చాలావాటికి ఇదే రివాజు.

పాల్వంచలో 1966 నుంచి థర్మల్ పవర్‌హౌస్ నడుస్తోంది. అందులో ఉద్యోగం ఉన్నవాడికి సంస్థ వైద్యం ఉంది. బొగ్గుగని కార్మికుడికి సింగరేణి ఆస్పత్రి ఉంది. కిన్నెరసాని వాగు అవతల పోడు చేసుకునే కోయ రైతుకి దొరికేది పీహెచ్‌సీ, అంతకంటే ముందు సైకిల్ మీద వచ్చే ఆర్‌ఎంపీ. సిగ్నల్ అందినంత మేర ముగ్గురూ ఒకే రేడియో వినొచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం ముగ్గురికీ ఒకే డాక్టరు.

ఆ డాక్టరుకి ఇక్కడ మొదటి సబ్జెక్టు మలేరియా. అడవి అంచున వానాకాలం వచ్చిందంటే చలిజ్వరమే. వేలు మీద సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క రాసి, పీహెచ్‌సీకి పంపేవాళ్లు. అక్కడ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసి రిపోర్టు తిరిగి ఊరు చేరేసరికి రోజులు గడిచేవి. అందుకే ముందస్తుగా క్లోరోక్విన్ బిళ్లలు ఇచ్చేసేవాళ్లు. మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, మనిషి పొలానికి పోతాడు. అసలు కథ ఇక్కడే మొదలు. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో నక్కి ఉండి, వారాలకో నెలలకో మళ్లీ పైకొస్తుంది. దాన్ని వేళ్లతో సహా పీకాలంటే ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. గర్భిణులకి, పసిపిల్లలకి అది ఇవ్వకూడదు. జ్వరం లేనివాడి చేత పద్నాలుగు రోజులు బిళ్లలు మింగించడం ఎంత కష్టమో ఏ ఏఎన్‌ఎంని అడిగినా చెబుతుంది. ‘సూది వెయ్యలేదు, సెలైన్ పెట్టలేదు, ఇదేం వైద్యం’ అని విసుక్కునే రోగికి ఒకే మాట పదిసార్లు చెప్పాలి. పేపరు ఒక వార్తని రెండోసారి వెయ్యదు. రేడియోకి ఆ సిగ్గు లేదు, చెప్పిందే చెప్పగలదు. దాని బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

చెప్పలేనివీ ఉన్నాయి. కొత్తగూడెం కేంద్రం వినిపించే వార్తలు హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చేవి. ‘జ్వరం వస్తే ప్రభుత్వాస్పత్రికి రండి’ అని చెప్పే సర్కారీ రేడియో, ఆ ఆస్పత్రికి తాళం వేసి ఉందని చెప్పలేదు. ఆ పని జిల్లా పేజీలో ఖాళీ కుర్చీ ఫొటో వేసి పేపరు చేసింది. ప్రైవేటు రేడియోలు వచ్చాక అవి చెప్పాయా అంటే, వాటికి సొంత వార్తలు చెప్పే అనుమతే లేదు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో మొదలైంది. దేశానికే ఆదర్శం అన్నారు, నిజమే. దానికీ ఇదే కట్టుబాటు.

ఆ గోడని పక్క రాష్ట్రం వాళ్లు పక్కనుంచి దాటారు. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి ఛత్తీస్‌గఢ్‌లో ‘సీజీనెట్ స్వర’ పెట్టాడు. రేడియో స్టేషనూ లేదు, లైసెన్సూ లేదు, ఉన్నది ఒక ఫోన్ నంబరు. గోండీ మాట్లాడే మనిషి ఫోన్ చేసి తన ఊరి సమస్య తన గొంతుతో చెబుతాడు. సరిచూసి వదిలాక ఎవరైనా ఫోన్‌లో వినొచ్చు. చివర్లో సంబంధిత అధికారి నంబరు చెప్పి, వినేవాళ్లని ఆయనకి ఫోన్ చెయ్యమంటారు. మన జిల్లా పేపరూ, మన రేడియో డాక్టరూ విడివిడిగా చేసిన పనులు ఇక్కడ ఒకే చోట కలిశాయి.

ఛత్తీస్‌గఢ్ వాళ్ల సంగతి భద్రాచలం వైపు వాళ్లకి పరాయిది కాదు. మావోయిస్టులకి వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవల్లో 2005 తర్వాత బస్తర్ నుంచి వచ్చిన గొత్తికోయలు ఈ అడవుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. సుక్మా, మల్కన్‌గిరి వైపు నుంచి కూడా రోగులు భద్రాచలం ఏరియా ఆస్పత్రికే వస్తారు. 2022లో కొత్తగూడేనికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి స్టూడియోకి పిలవడానికి ఇప్పుడు డాక్టర్లకి కొదవ లేదు. కానీ తెలుగు రాని గొత్తికోయ తల్లికి ‘పద్నాలుగు రోజులు’ అన్న మాట ఏ భాషలో చెబుతారన్నది కార్యక్రమాల పట్టిక రాసేవాళ్లు ముందు తేల్చుకోవాలి.