పెద్దబడి, చిన్నబడి, ఒక బగ్గు

మొన్నో శుక్రవారం రాత్రి పదకొండింటికి మా రిలీజ్ ఆగిపోయింది. నా విండోస్ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచిన కోడ్, లినక్స్ సర్వర్ ఎక్కగానే "ఫైల్ లేదు" అని చేతులెత్తేసింది. గంటన్నర జుట్టు పీక్కున్నాక తేలిందేంటయ్యా అంటే, ఫైల్ పేరులో మొదటి ఆర్ పెద్దబడి, కోడ్‌లో చిన్నబడి. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్‌కి కాదు.

ఇంటికెళ్తుంటే మూడో తరగతి గుర్తొచ్చింది. మాది తెలుగు మీడియం బడి. నాలుగు గీతల కాపీలో ఇరవయ్యారు రాసి హమ్మయ్య అనుకునేసరికి, ఇంకో ఇరవయ్యారు ఉన్నాయన్నారు. "ఒకే అక్షరానికి రెండు రూపాలెందుకు సార్?" అనడిగితే వీపు మీద ఒకటి పడింది గానీ జవాబు రాలేదు. ఇన్నేళ్ళకి ఆ జవాబు నేనే వెతుక్కున్నాను.

ఎవరో కూర్చుని రెండు సెట్లు తయారుచెయ్యలేదు. మొదట ఉన్నది పెద్దబడే. రోమ్‌లో ట్రాజన్ స్తంభం (క్రీ.శ. 113) కింద చెక్కిన అక్షరాలే ఈనాటి పెద్దబడికి నమూనా. ఆ అక్షరాల కొసల్లో చిన్న చిన్న పాదాలుంటాయి చూడండి, అవి ఉలి వల్ల వచ్చినవి కావనీ, చెక్కేముందు రాతి మీద చదును కుంచెతో రాసుకోవడం వల్ల వచ్చాయనీ ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ పాద్రీ 1968లో ఓ పుస్తకం రాశాడు. ఆయన ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసినవాడు. నాకైతే ఆయన మాటే నమ్మబుద్ధేస్తుంది.

మరి రోజువారీ ఉత్తరాలు, పద్దులు రాతి మీద చెక్కరు కదా! బ్రిటన్‌లో విండొలాండా అనే రోమన్ కోట దగ్గర 1973 నుంచి పల్చటి చెక్కరేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు బయటపడుతూ వచ్చాయి. దాదాపు ట్రాజన్ కాలానివే. అందులో ఒకావిడ తన పుట్టినరోజుకి స్నేహితురాల్ని పిలుస్తున్న ఉత్తరం కూడా ఉంది. ఆ రాత స్తంభం మీది రాతలా ఉండదు, గొలుసుకట్టే! తొందరలో చెయ్యి ఎత్తకుండా రాస్తే గీతలు కలిసిపోతాయి, కొన్ని పైకి, కొన్ని కిందికి పొడుచుకొస్తాయి. హెచ్ కుడికాలు పైసగం రాలిపోయింది, ఈ గుండ్రంగా తిరిగింది, పీ కాలు కిందికి దిగింది. పెద్దబడికి రెండు గీతలు చాలు, చిన్నబడికి నాలుగు కావాలి. మా కాపీ రహస్యం అదన్నమాట!

మనకీ ఇలాంటి కథే ఉంది. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది, అందుకే మన లిపి గుండ్రబడిందంటారు (అదొక్కటే కారణం కాదనేవాళ్ళూ ఉన్నారు). కాకపోతే మనం కొత్త రూపం రాగానే పాత బ్రాహ్మీని వదిలేశాం. వాళ్ళెందుకు రెండూ ఉంచుకున్నారు?

ఇక్కడే ఓ తమాషా జరిగింది. 780ల నాటికి షార్లమేన్ రాజ్యంలో తోలు కాగితం మీద ఈక కలంతో రాసే ఒక పొందికైన చిన్నబడి తయారైంది. శీర్షికలకి మాత్రం పాత పెద్దక్షరాలే వాడేవారు. తర్వాత అది మూలపడింది. 1400 ప్రాంతంలో ఫ్లారెన్స్ పండితులు ఆ ప్రతుల్ని చూసి, ఇదే ప్రాచీన రోమన్ల రాత అని పొరబడి నకలు చేశారు. దానికి జతగా రాతి శాసనాల్లోని పెద్దక్షరాలు తెచ్చుకున్నారు. పుట్టుకలో ఏడొందల ఏళ్ళ తేడా ఉన్న రెండు రాతలకి అలా పెళ్ళయింది. 1470లో వెనిస్‌లో నికొలా జెన్సన్ ఆ జంటనే సీసంలో పోతపోశాడు. అప్పర్‌కేస్, లోవర్‌కేస్ అన్న పేర్లు కంపోజింగ్ చేసేవాళ్ళ పై పెట్టె, కింది పెట్టె నుంచి వచ్చినవే.

మన యంత్రాలదీ మొదట పెద్దబడే. 1963 ఆస్కీలో చిన్నక్షరాలు లేవు, 1967లో చేర్చారు. పెద్ద ఏ 65, చిన్న ఏ 97. మధ్యలో 32, అంటే ఒక్క బిట్టు. ఆ రాత్రి నేను 82ని 114 చేసి, ఫైల్ మళ్ళీ ఎక్కించి, పన్నెండున్నరకి క్యాబ్ ఎక్కాను.