ప్రైవేట్ క్లౌడ్ స్థాపన పద్ధతులు

ఒక సంస్థ తన సర్వర్లన్నిటినీ ఒక్క గుంపుగా చేసి, వాటి శక్తిని వర్చువల్ మెషిన్లుగా తన విభాగాలకే పంచే ఏర్పాటు ప్రైవేట్ క్లౌడ్. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం మందుల కర్మాగారాల వంటి చోట్ల దీన్ని నెలకొల్పడం కన్నా అప్‌గ్రేడ్ చేయడమే పెద్ద పని. అమెరికాకు మందులు పంపేవారి ఎలక్ట్రానిక్ రికార్డులకు 1997 నుంచి 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తున్నాయి. ఆ రికార్డులు నిలిచే వ్యవస్థలో ఏది మారినా ఛేంజ్ కంట్రోల్ కాగితాలు రాయాలి, అవసరమైన మేరకు మళ్లీ వ్యాలిడేషన్ చేయాలి.

2010 జులైలో నాసా, రాక్‌స్పేస్ కలిసి ప్రైవేట్ క్లౌడ్‌ను నడిపే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌ను ప్రకటించాయి. అక్టోబరులో తొలి విడుదల ‘ఆస్టిన్’ వచ్చింది. కొన్ని విడుదలల తర్వాత ఆరు నెలలకో వెర్షన్ ఆనవాయితీ అయింది. డెవ్‌స్టాక్ స్క్రిప్టు ఒక్క యంత్రం మీదే ఓపెన్‌స్టాక్ సేవలన్నిటినీ నిలబెట్టేది, కానీ అది డెవలపర్ల ప్రయోగాల కోసం రాసినది. రెడ్‌హ్యాట్ వారి ప్యాక్‌స్టాక్ కూడా పరీక్షించి చూడటానికే సరిపోయింది. అసలు చిక్కు తర్వాతి వెర్షన్ రోజున బయటపడేది. నోవా, న్యూట్రాన్, కీస్టోన్ వంటి సేవలు ఒకే సర్వర్‌లో ఉంటే పైథాన్ లైబ్రరీలను పంచుకుంటాయి. ఒకదాని కోసం లైబ్రరీ మారిస్తే పక్కది మొరాయించేది. 2014 ఏప్రిల్ నాటి ‘ఐస్‌హౌస్’తో కంట్రోలర్లను ముందు, కంప్యూట్ సర్వర్లను తర్వాత మార్చుకునే వీలు నోవాకు కొంతవరకు దొరికింది.

సాఫ్ట్‌వేర్‌ను దాని లైబ్రరీలతో సహా విడి కంటైనర్‌లో పెట్టే డాకర్ 2013లో రావడం పెద్ద మలుపు. మరుసటి ఏడాది మొదలైన కొల్లా ప్రాజెక్టు ఒక్కో ఓపెన్‌స్టాక్ సేవను ఒక్కో కంటైనర్‌లో పెట్టింది. ఆ కంటైనర్లను సర్వర్ల మీద అమర్చే కొల్లా-యాన్సిబుల్‌లో అప్‌గ్రేడ్ అంటే పాత కంటైనర్‌ను ఆపి కొత్త ఇమేజ్‌తో మరొకటి నడపడమే. అయితే డేటాబేసు పట్టికల రూపం మారాక వెనక్కి రావడం తేలిక కాదు, ముందుగా బ్యాకప్ తీసి తీరాలి. ఓపెన్‌స్టాక్-యాన్సిబుల్ ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లను ఎంచుకుంది. ఓపెన్‌స్టాక్-హెల్మ్ వాడాలంటే కంటైనర్లను నిర్వహించే కుబెర్నెటీస్ కూడా తెలిసి ఉండాలి, చిన్న బృందానికి అది మోయలేని బరువు. ఓపెన్‌స్టాక్‌ను ఓపెన్‌స్టాక్‌తోనే నిలబెట్టే ట్రిపుల్‌ఓ ప్రాజెక్టు 2023లో ముగిసింది. పద్ధతిని ఎంచుకునేటప్పుడు దాన్ని ఎందరు పోషిస్తున్నారో చూడాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

2023 మార్చిలో వచ్చిన ఓపెన్‌స్టాక్ వెర్షన్ ‘యాంటెలోప్’తో స్లర్ప్ విధానం మొదలైంది. మధ్యలో ఒక వెర్షన్‌ను దాటేసి ఏడాదికోసారి మారవచ్చు. వ్యాలిడేషన్ ఉన్న కర్మాగారానికి ఇది నిజమైన ఊరట, ఎందుకంటే అప్‌గ్రేడ్‌ల సంఖ్య సగానికి తగ్గి, కాగితాల పనీ తగ్గుతుంది.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వర్చువల్ మెషిన్ల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎమ్‌వేర్‌ను కొని, డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేశాక ప్రత్యామ్నాయాల అన్వేషణ పెరిగింది. రెండు మూడు సర్వర్లే ఉన్న యూనిట్‌కు 2008లో తొలి వెర్షన్ వచ్చిన వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ చాలు. సర్వర్లు పదులు దాటి, విభాగాలు ఎవరికి వారు మెషిన్లు తీసుకోవాలంటే కొల్లా-యాన్సిబుల్ మేలు. ఏదైనా సరే, నాణ్యతను చూసే క్యూఏ విభాగం పరిశీలించేందుకు అదే అమరికతో చిన్న నకలు ఒకటి పక్కన ఉంచి, ప్రతి అప్‌గ్రేడ్‌నూ ముందు దాని మీద నడపాలి.