కొమ్మలు వేసే కథ: అపరాధ పరిశోధక క్రీడ పుట్టుపూర్వోత్తరాలు

భేతాళ కథలు వినని తెలుగు బిడ్డ అరుదు. కథ చివర అడిగిన ప్రశ్నకు సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే విక్రమార్కుని తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. వినేవాడు తన బుద్ధికి పని చెప్పక తప్పని కథలివి. ఐతే ఒక సంగతి గమనించాలి. రాజు ఏ సమాధానం చెప్పినా, అంతవరకు భేతాళుడు చెప్పిన కథలో ఒక్క అక్షరం మారదు. కథ ముందే ముగిసింది; ప్రశ్న తరువాత వచ్చింది.

ఆ ప్రశ్న కథ నడుమనే వచ్చి, సమాధానాన్ని బట్టి మిగిలిన కథ మారిపోతే ఎట్లా ఉంటుంది? ఈ ఊహ 20వ శతాబ్దంలో పుస్తకంగా, సినిమాగా, చివరకు కంప్యూటరు ఆటగా రూపం దాల్చింది. నేడు తెర ముందు కూర్చున్న ఆటగాడే అపరాధ పరిశోధకుడు. సాక్షులను ఏమి అడగాలో, ఎవరిని అనుమానించాలో, ఎవరికి మనసివ్వాలో అతడే నిర్ణయిస్తాడు. నిర్ణయాన్ని బట్టి కథ నడుస్తుంది. వట్టి కాలక్షేపంగా కనిపించే ఈ క్రీడ వెనుక ఒక గణిత సమస్య ఉన్నది. దానిని దాటడానికి ఎనభై ఏళ్ళకు పైగా జరిగిన ప్రయత్నమే దీని చరిత్ర.

పెళ్ళి ప్రశ్నతో మొదలు

చిత్రమేమిటంటే, కొమ్మలు వేసే కథ హత్యతో కాక ప్రేమతో మొదలైనది. 1930లో అమెరికాలో డోరిస్ వెబ్‌స్టర్, మేరీ ఆల్డెన్ హాప్‌కిన్స్ అనే ఇద్దరు రచయిత్రులు ‘కన్సిడర్ ద కాన్సిక్వెన్సెస్’ అనే పుస్తకం ప్రకటించారు. పర్యవసానాలు ఆలోచించుకో అని ఆ పేరుకు అర్థం. హెలెన్ అనే యువతి, ఆమెను కోరిన ఇద్దరు యువకులు ఇందులో ముఖ్యపాత్రలు. కొంత కథ నడిచాక రచయిత్రులు ఆగి, ఆమె ఏమి చెయ్యాలని పాఠకునే అడుగుతారు. ఒక సమాధానానికి ఒక అంకె, మరొక సమాధానానికి మరొక అంకె ఇస్తారు. ఆ అంకె గల ఖండికను వెతికి చదువుకోవాలి. ఈ విధంగా నలభైకి పైగా ముగింపులు ఏర్పడ్డవి.

హత్యాకథ పాఠకుని చేతికి వేరొక దారిన వచ్చింది. 1936లో ఇంగ్లండులో డెనిస్ వీట్లీ అనే నవలాకారుడు, జె. జి. లింక్స్ పథకం ప్రకారం, ‘మర్డర్ ఆఫ్ మయామి’ వెలువరించాడు. అది నవల వలె ఉండదు. పోలీసు దస్తరం వలె ఉంటుంది. అందులో వాఙ్మూలాలు, తంతివార్తలు, ఛాయాచిత్రాలతో పాటు తల వెంట్రుకలు, నెత్తుటి మరక గల తెర గుడ్డ ముక్క, అగ్గిపుల్ల వంటి నిజమైన వస్తువులు కూడా ఉన్నవి. హంతకుడెవరో చెప్పే భాగాన్ని వేరుగా మూసి అతికించారు. పాఠకుడు తన నిర్ణయానికి వచ్చాకనే దాన్ని చించి చూడాలి.

ఈ రెండు పుస్తకాలకు గల భేదం ముఖ్యమైనది. మొదటిదానిలో సమాధానం ముందే లేదు. హెలెన్ ఎవరిని పెళ్ళాడినా అది సరైన కథే. రెండవదానిలో సమాధానం ఒక్కటే. హంతకుడు పాఠకుని ఇష్టాన్ని బట్టి మారడు. హత్య జరిగిపోయిన విషయం, ప్రేమ జరగవలసిన విషయం. ఈ రెండూ ఒకే కథలో ఇమడడానికి చాలాకాలం పట్టింది.

రెట్టింపు లెక్క

కొమ్మల కథ రాసేవారికి మొదట ఎదురయ్యే ఆటంకం లెక్కలోనిది. ప్రతి మలుపులో రెండేసి దారులున్నవనుకుందాం. మొదటి మలుపు దాటితే 2 కథలు, రెండవది దాటితే 4, మూడవది దాటితే 8. పది మలుపులకు 1,024 ముగింపులు అవుతవి. ఇరవై మలుపులకు 10,48,576 అవుతవి. పది మలుపుల కథకు మొదటి ఖండికతో కలిపి 2,047 ఖండికలు రాయాలి. పాఠకుడు ఒక పర్యాయం చదివేవి వాటిలో 11 మాత్రమే! చదరంగపు గళ్ళలో రెట్టింపు చేస్తూ పోయిన ధాన్యపు గింజల కథ వంటిదే ఇదీను. ఏ రచయితకూ అంత ఆయుర్దాయం ఉండదు.

దీనికి మూడు ఉపాయాలు ఏర్పడ్డవి. మొదటిది కొమ్మను తొందరగా నరకడం. తప్పుదారి పట్టిన పాఠకుణ్ణి రెండు పుటల్లోనే ముగింపుకు చేర్చడం దీని పద్ధతి. అమెరికన్ న్యాయవాది ఎడ్వర్డ్ ప్యాకర్డ్ ఒకనాడు తన కూతుళ్ళకు కథ చెబుతూ, తరువాత ఏమి చెప్పాలో తోచక, ఏమి జరగాలని వాళ్ళనే అడిగాడు. ఇద్దరూ రెండు విధాలుగా చెప్పారు. అందులోంచి పుట్టిన ‘షుగర్‌కేన్ ఐలండ్’ 1976లో అచ్చయినది. 1979 నుంచి ఈ రకపు పుస్తకాలు ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ మాలికగా వచ్చి, లోకమంతటా పిల్లల చేతికి చేరినవి. 1981లో ప్యాకర్డే ఒక హత్యా పరిశోధనను కూడా ఆ మాలికలో రాశాడు.

రెండవ ఉపాయం చీలిన కొమ్మలను మళ్ళీ కలపడం. 1967లో మాంట్రియల్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వారు ‘కినోఆటోమాట్’ అనే సినిమాశాలను ఏర్పాటు చేశారు. రాదూజ్ చించెరా దాని సృష్టికర్త. ప్రతి కుర్చీకి ఒక ఎర్ర మీట, ఒక పచ్చ మీట ఉండేవి. కథ కీలక ఘట్టానికి రాగానే చిత్రం ఆగిపోయేది; వేదిక మీద నిలిచిన వ్యక్తి ప్రేక్షకుల ఓటు కోరేవాడు. ఎక్కువ ఓట్లు ఏ వైపు పడితే ఆ వైపు చిత్రం సాగేది. కాని ఎటు ఓటు వేసినా రెండు దారులూ తరువాతి ఘట్టం నాటికి ఒక్కటయ్యేవి. చివరకు మేడ తగలబడక మానదు. ఏమి ఎంచుకొన్నా జరిగేది జరుగుతుందనే వ్యంగ్యం కథలోనే ఉన్నది గనుక ఆ యుక్తి అక్కడ చెల్లింది. కాని ప్రతి కథలోను ఇదే జరిగితే ఆటగాడు తాను మోసపోయానని అనుకొంటాడు.

మూడవ ఉపాయం జ్ఞాపకం. దీనికి కంప్యూటరు రావలసి వచ్చింది.

యంత్రపు జ్ఞాపకం

పుస్తకానికి పాఠకుడు ఇంతకు ముందు ఏమి చేశాడో తెలియదు. కంప్యూటరుకు తెలుస్తుంది. ప్రోగ్రాము తన స్మృతిలో కొన్ని చిన్న గళ్ళు ఉంచుకొంటుంది. ‘తాళపుచెవి దొరికినదా?’ అనేది ఒక గడి, ‘తోటమాలితో మాట్లాడాడా?’ అనేది ఇంకొకటి. ఒక్కొక్క గడిలో అవును లేక కాదు అని గుర్తు ఉంటుంది. ఇట్టి గళ్ళు పది ఉంటే స్థితులు మళ్ళీ 1,024 అవుతవి. కాని రచయిత 1,024 కథలు రాయనక్కరలేదు. కథ ఒకే దారిన సాగుతుంది; ఏ గడి గుర్తు ఎక్కడ అవసరమో అక్కడ మాత్రం మాట మారుతుంది. తాళపుచెవి ఉంటే తలుపు తెరుచుకొంటుంది, లేకపోతే లేదు.

1980లో కెన్, రాబర్టా విలియమ్స్ దంపతులు యాపిల్ రెండవ నమూనా కంప్యూటరు కొరకు ‘మిస్టరీ హౌస్’ తయారుచేశారు. సాహస క్రీడలో బొమ్మలు చేర్చిన తొలి ప్రయత్నాలలో అది ప్రసిద్ధమైనది. 1982లో ఇన్ఫోకామ్ సంస్థ కొరకు మార్క్ బ్లాంక్ రచించిన ‘డెడ్‌లైన్’ మరింత ముందుకు పోయింది. లోపల గడియ వేసి ఉన్న గదిలో ఒక ధనికుడు మందు మోతాదు మించి చనిపోయాడు. పరిశోధకునికి కథాకాలంలో 12 గంటలు మాత్రమే గడువు. ఇందులో పాత్రలు ఆటగాని కోసం బొమ్మల్లాగా నిలబడి ఉండవు. టెలిఫోను తన వేళకు మోగుతుంది. మధ్యాహ్నం వీలునామా చదువుతారు. పరిశోధకుడు ఆ సమయంలో వేరొక గదిలో ఉంటే ఆ సాక్ష్యం చేజారినట్లే. ఆనాటి డిస్కులో చోటు చాలక వాఙ్మూలాలు, ప్రయోగశాల నివేదిక, మాత్రల నమూనాలు పెట్టెలో వేరుగా ఇచ్చారు. వీట్లీ దస్తరమే వారికి ఆదర్శం.

1983లో జపానులో యూజీ హోరీ ‘పోర్టోపియా వరుస హత్యల కేసు’ రచించాడు. కోబె నగరంలో వడ్డీ వ్యాపార సంస్థ అధిపతి మరణంతో కథ మొదలవుతుంది. మొదట ఆటగాడు ఆజ్ఞలను అక్షరాలతో కొట్టవలసి వచ్చేది. 1985లో అదే ఆటను అక్షరఫలకం లేని ఫామికామ్ యంత్రానికి మార్చినపుడు, 14 ఆజ్ఞల పట్టిక నుంచి ఎంచుకొనే పద్ధతి పెట్టారు. దీనితో టైపు చేయడం రానివారు కూడా పరిశోధకులు కాగలిగారు.

అనుమానమూ అనురాగమూ

జపానులో 1994వ సంవత్సరం ఈ క్రీడకు మూడు కొత్త దారులు చూపింది. కోనామి వారి ‘తోకిమెకి మెమోరియల్’లో ఉన్నత పాఠశాల విద్యార్థి మూడేళ్ళ జీవితంలో స్నేహాన్ని, ప్రేమను సంపాదించుకోవాలి. ప్రతి పాత్రకు అతనిపై ఎంత ఇష్టమో ప్రోగ్రాము ఒక అంకెగా దాచి ఉంచుతుంది. దాన్ని అభిమానాంకం అనవచ్చు. మంచి మాటకు అంకె పెరుగుతుంది, నిర్లక్ష్యానికి తరుగుతుంది. కోయె సంస్థ ‘ఆంజెలీక్’ను ప్రత్యేకించి స్త్రీల కొరకు తయారుచేసింది. అందులో నాయిక సింహాసనానికి అభ్యర్థిని. ప్రేమను ఎంచుకొంటే సింహాసనం వదులుకోవాలి. ఎంపికకు మూల్యం ఉంటేనే అది ఎంపిక అని ఈ ఆట గ్రహించింది.

మూడవది చున్‌సాఫ్ట్ వారి ‘కమాయితాచి నో యోరు’. రచయిత అబికో తాకెమారు. మంచు తుఫానులో చిక్కిన విడిదిలో హత్య జరుగుతుంది. తోరు అనే విద్యార్థి, అతడు ప్రేమించే మారి అక్కడే ఉన్నారు. పాత్రలు నీడల వలె మాత్రమే కనిపిస్తవి. హంతకుని పేరు ఆటగాడే రాయాలి. ఆలస్యం చేస్తే హత్యలు పెరుగుతవి, మిగిలినవారిలో అనుమానం పెరుగుతుంది. ఒక ముగింపులో మారియే తోరును హంతకుడని భ్రమించి పొడుస్తుంది. పరిశోధకుడు నిజం కనుక్కోలేకపోతే ప్రేమ కూడా నిలవదు. హత్య, ప్రేమ అనే రెండు పాయలు ఇక్కడ నిజంగా కలిసినవి.

ఈ కలయిక మరింత పరిణతితో కనిపించే ఆట 2016లో ఒటోమేట్ వారు వెలువరించిన ‘కాలర్ మాలిస్’. టోక్యోలోని షింజుకు ప్రాంతంలో పనిచేసే యువ పోలీసు ఉద్యోగిని మెడకు నేరస్థుల ముఠా విషం గల పట్టీ తగిలిస్తుంది. ఐదుగురు యువకులలో ఎవరితో కలిసి పరిశోధిస్తే వారితో కథ, ప్రేమ సాగుతవి. ఒక్కొక్కరి దారిలో ఒక్కొక్క నేరపు రహస్యం బయటపడుతుంది. చివరి దారి తక్కినవి పూర్తిచేసినవారికే తెరుచుకొంటుంది. అనగా నాయికకు ప్రతిసారీ ఇది మొదటి జన్మ. ఆటగానికి మాత్రం పూర్వజన్మ స్మృతి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ ఆడటమే పరిశోధన అవుతుంది. నేరం వెనుకటి సత్యం మానువలె కదలక నిలుస్తుంది, అనురాగం కొమ్మలువేస్తుంది. రెట్టింపు లెక్కకు ఇంతకంటె పొందికైన సమాధానం దొరకడం కష్టం.

ఒక చిక్కు మాత్రం మిగిలి ఉన్నది. అభిమానాన్ని అంకెగా మార్చినపుడు, ఆటగాడు తన మనసులోని మాట మాని, అంకె పెంచే మాటను ఏరుకొంటాడు. అది ప్రేమ కాదు, ముఖస్తుతి. పరిశోధకుడు ఎవరినీ నమ్మరాదు. ప్రేమించేవాడు నమ్మక తప్పదు. మంచి ఆట ఈ వైరుధ్యాన్ని దాచదు. ఇష్టమైన మనిషికే బాధ కలిగించే ప్రశ్నను తెరమీద పెట్టి, అడుగుతావా మానుతావా అని నిలదీస్తుంది. ఆ క్షణంలో ఆటగాడు తనను తాను పరిశోధించుకొంటాడు.

ఈ శిల్పాన్ని పరీక్షించడానికి కంప్యూటరు కూడా అక్కరలేదు. ముప్పై తెల్ల అట్టముక్కలు, ఒక పెన్సిలు చాలు. విద్యార్థులు నలుగురు కలిసి ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క ఘట్టం రాసి, కింద రెండేసి అంకెలు వేసుకోవచ్చు. ఐతే అన్నిటికంటె ముందు ఒక ముక్క మీద హంతకుని పేరు రాసి కవరులో పెట్టి అంటించాలి. కథ ఎన్ని మలుపులు తిరిగినా ఆ ముక్కను మాత్రం మార్చరాదు.